చుక్క తర్వాత నంబరు

మా ఊరు రెండు కొండల మధ్య ఇరుకున పడి ఉంటుంది. ఇంటి కప్పు మీద ఎంత పెద్ద యాంటెన్నా పెట్టినా టీవీలో బొమ్మకు బదులు ఇసుక రాలుతున్నట్టు కనబడుతుంది. అందుకని మా నాన్నల కాలంలోనే కొండ కొన మీద ఒక స్తంభం పాతి, అక్కణ్ణుంచి తీగ లాగి, ఇంటింటికీ బొమ్మ దించుకున్నారు. బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కుట్టుపని ఫ్యాక్టరీ పోయింది. తీగ మాత్రం ఉండిపోయింది.

ఆ తీగ కూడా ఇక ఊరికే పనిచేయదని ఒక చలికాలం మొదట్లో కేబుల్ కంపెనీ ఉత్తరం రాసింది. ఇంటికొక పెట్టె తెచ్చుకుని టీవీకి తగిలించాలట. నేను వెళ్లి వరసలో నిలబడి తెచ్చాను. దానికి వేరే రిమోటు. దాని మీద యాభైకి పైగా మీటలు, ఒక్కోటి బియ్యపు గింజంత.

నా భార్య వెరోనాకు అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ బొటనవేలు ఒక్కటే ఆవిడ చెప్పినట్టు వింటుంది. పాత రిమోటులో పైకీ కిందికీ వెళ్లే రెండు మీటలూ పెద్దవి, వాటితో ఆవిడకు ఇబ్బంది లేదు. కొత్తది చేతికిచ్చిన మొదటి రోజే ఏదో మీట తగిలి తెర మీద ఏవేవో ప్రశ్నలు వచ్చాయి. ఏది నొక్కినా ఇంకో ప్రశ్న. నేను వంటింట్లోంచి వచ్చేసరికి రిమోటు నేల మీద ఉంది, ఆవిడ గోడ వైపు చూస్తోంది. మర్నాడే ఆ పెట్టె తీసుకెళ్లి తిరిగి ఇచ్చేశాను. కౌంటరు దగ్గర అమ్మాయి, మళ్లీ కావాలంటే పేరు రాయించుకుని ఎదురు చూడాలని చెప్పింది. అక్కర్లేదన్నాను.

దారి చూపించినవాడు బెన్ వార్గో. ఆదివారం పూజ అయ్యాక చర్చి కింది గదిలో మేం మగవాళ్లం కాఫీ తాగుతాం. అక్కడ అతను చెప్పాడు, కొత్త టీవీలకు పెట్టె లేకపోయినా ఫరవాలేదని. ఊరి చుట్టుపక్కల చానెళ్లకు కంపెనీ తాళం వెయ్యదట. తీగ నేరుగా టీవీకే గుచ్చి వెతకమంటే అదే వెతుక్కుంటుందట. పైగా అవి హెచ్‌డిలో, అద్దం తుడిచినట్టు వస్తాయట. కాకపోతే ఏ చానెల్ ఏ నంబరులో ఉందో ఎవరూ చెప్పరు. పేరుండదు. ఎనభై ఆరు చుక్క మూడు, తొంభై ఒకటి చుక్క పద్నాలుగు, ఇలా ఉంటాయి. చూసి, ఇది ఫలానా అని మనమే పోల్చుకుని కాగితం మీద రాసుకోవాలి. నాలుగు వారాలకోసారి కంపెనీవాళ్లు చెప్పకుండా మార్చేస్తారు. అప్పుడు మళ్లీ మొదటికి.

వెతకడానికి నలభై నిమిషాలు పట్టేది. టీవీ తన మానాన తాను ఒకటి నుంచి నూట ముప్పై అయిదు దాకా ఎక్కుతుంటే నేను ఎదురుగా కూర్చుని జపమాల తిప్పుకునేవాణ్ణి. తర్వాత ఒక్కో నంబరూ చూసి, చర్చి వాళ్లిచ్చే చందా కవరు వెనక రాసుకునేవాణ్ణి. కింది గదిలో మా మాటలు కూడా మారిపోయాయి. వాతావరణం ఎక్కడికి పోయిందిరా అంటే తొంభై నాలుగు చుక్క రెండుకు అనేవాడు ఇంకొకడు. ఫాదర్ డుబెక్ ఒకసారి కాఫీ కప్పుతో వచ్చి మా పక్కన నిలబడి విని, బైబిల్ వచనాలు కూడా ఇంత శ్రద్ధగా చెప్పుకుంటే బాగుండునన్నారు.

ఆ వెతుకులాటలో ఒక సంగతి బయటపడింది. నూట పదిహేడు దాటాక కొన్ని నంబర్లలో ఏవో సినిమాలు వచ్చేవి. గుర్రాల మీద మనుషులు పోతుంటారు, ఉన్నట్టుండి గుర్రం గాల్లో కాళ్లు ఎత్తి అలాగే ఆగిపోతుంది. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ కదులుతుంది. కొన్నిసార్లు వెనక్కి పరుగెడుతుంది. ఇదేమిటని బెన్‌ని అడిగితే, పెట్టెలున్నవాళ్లు కోరుకున్న సినిమా తెప్పించుకుని చూడొచ్చనీ, అది ఆ తీగలోంచే వెళ్తుంది కాబట్టి మన టీవీకి చిక్కుతోందనీ చెప్పాడు. అంటే మా వీధిలో ఎవరో గుర్రాల సినిమా చూస్తూ మధ్యలో పెరట్లోకి లేచి వెళ్తున్నారు. వాళ్లు లేచిన సంగతి మా ఇంట్లో మాకు తెలుస్తోంది.

దానికి నా మనసు ఒప్పలేదు. శనివారం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు, ఎవరింట్లోకో తొంగి చూశానని ఫాదర్‌తో చెప్పాను. జాలీ అవతల ఫాదర్ చెవి దగ్గరికి తెచ్చారు.

"కిటికీలోంచా?" అన్నారు.

"కాదు ఫాదర్. నూట పదిహేడు చుక్క ఆరులోంచి."

అంతా వివరించాల్సి వచ్చింది.

"చూడాలనే వెళ్లారా, దారిలో కనబడిందా?"

"దారిలోనే ఫాదర్. కాకపోతే కాస్త ఆగాను."

"ఎంతసేపు?"

"వాళ్లు ఊళ్లోకొచ్చి బ్యాంకు దోచుకునేదాకా."

ఫాదర్ దగ్గారు. ఒక్క పరలోక జపం చెప్పుకోమన్నారు. దారిలో కనబడేది పాపం కాదు, కానీ మనసుకు బరువుగా ఉంటే ఆ దారిన వెళ్లొద్దన్నారు. నాకు ఆ రెండో మాటే పట్టుకుంది.

ఆ ఏడాదే మా చర్చి మూసెయ్యాలని నిర్ణయమైంది. మా తాతలు స్లోవాక్ దేశం నుంచి గనుల్లోకి వచ్చి, ఆదివారాలు తమ చేతుల్తో కట్టుకున్న చర్చి అది. ఇప్పుడు పూజకు వచ్చేది డెబ్బై మంది, అందులో సగం మందికి మోకాళ్లు వంగవు. బిషప్ గారి ఉత్తరంలో తప్పు మాట ఒక్కటీ లేదు. లెక్కలన్నీ నిజమే. దేవుడు కూడా మనుషుల్ని తలలు లెక్కపెట్టి చూస్తాడా అని మాత్రం అనుకున్నాను. పైకి అనలేదు. మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆఖరి పూజ. ఈ చుట్టుపక్కల వార్తలు వేసే లోయ చానెల్ వాళ్లు కెమెరాలు తెచ్చి దాన్ని నేరుగా చూపిస్తామన్నారు.

వెరోనా నలభై ఆరేళ్లు ఆ చర్చి గాయక బృందంలో పాడింది. జబ్బు పడ్డాక ఒక్కసారీ వెళ్లలేదు. చర్చికి వీధిలోంచి ముప్పై ఒక్క మెట్లు. నలుగురం కుర్చీతో ఎత్తుకెళ్తామంటే, శవపేటిక ఒక్కదాన్నే అలా మోస్తారు, నా వంతు వచ్చినప్పుడు మొయ్యండి అంది. ఆవిడ మాటలు ఒక్కోటి వెతుక్కుని వస్తాయి. అయినా పదును తగ్గలేదు.

ఆవిడకు ఒకటే కావాలి. ఆఖరి పూజ చూడాలి. మేడ మీద గాయకుల వరసలో తన కుర్చీ ఖాళీగా ఉంచి, దాని మీద తన పాటల పుస్తకం పెడతామని బృందంలో తోటి గాయని ఆగ్నెస్ ఫోన్లో చెప్పిందట. "పెడతారో లేదో చూడాలి" అంది వెరోనా. అంతే. మాకు పిల్లల్లేరు. ఆ చర్చిలో మా పేర్లు ఉన్నవి రెండే చోట్ల, జ్ఞానస్నానాల పుస్తకంలో ఒకటి, పెళ్లిళ్ల పుస్తకంలో ఒకటి. పూజ చివర్న జ్ఞానస్నానాల పుస్తకాన్ని బయటికి మోసుకొచ్చే పని నాకిచ్చారు. ముప్పై ఏళ్లుగా చందా బుట్ట పట్టినవాణ్ణి కాబట్టి.

నేను వెళ్లనన్నాను. ఇంట్లో ఆవిడ పక్కన కూర్చుంటానన్నాను.

"టీవీలో చూసిన పూజ నాకు చెల్లుతుంది. నేను రోగిని" అంది. "నీకు చెల్లదు. వెళ్లు."

ఆ ఆదివారం కోసం నేను శనివారం పొద్దుటే సిద్ధం చేశాను. లోయ చానెల్ మా తీగలో రెండు చోట్ల దొరికేది. ఎనభై ఆరు చుక్క ఒకటిలో మసకగా, పాత పద్ధతిలో. ఎనభై ఆరు చుక్క తొమ్మిదిలో హెచ్‌డి, మనుషుల కనురెప్పలు కూడా కనబడేటట్టు. వెరోనా మొహాలు చూడాలి కదా, హెచ్‌డి పెట్టాను. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆవిడ బొటనవేలు జారి ఆ గుర్రాలవాళ్ల నంబర్లలోకి పోతే? అంత పవిత్రమైన గంటలో తెర మీద ఇంకొకరింటి సినిమా వస్తే? దారే లేకుండా చేద్దామని, టీవీ జాబితాలోంచి నంబర్లన్నీ ఒక్కొక్కటే తీసేశాను. గంటన్నర పట్టింది. మూడే మిగిల్చాను. హెచ్‌డిలో లోయ చానెల్, వాతావరణం, వంటలది. మంచిది ఉండగా మసకది ఎందుకని దాన్నీ తీసేశాను. ఆ పని అయ్యాక నాకు పాపసంకీర్తనం చేసి వచ్చినంత తేలిగ్గా అనిపించింది.

ఆదివారం ఒంటిగంటన్నరకు చానెల్ పెట్టి, శబ్దం సరిచేసి, పక్కనే ఫోను పెట్టి వెళ్లాను. నేను తలుపు వేస్తుంటే తెర మీద మా చర్చి గంట గోపురం కనబడుతోంది.

ఆ పూజ గురించి ఎక్కువ చెప్పను. చర్చి నిండిపోయింది, ఎప్పుడూ రానివాళ్లంతా వచ్చారు. పుస్తకం అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నడవలో నడుస్తున్నంతసేపూ కెమెరా ఎక్కడుందా అని చూసి, ఉందనుకున్న వైపు తల తిప్పాను, వెరోనా నన్ను చూడాలని. మేడ మీదికి నాకు చూపు అందలేదు. బయటికొచ్చాక బిషప్ గారు తలుపు మూసి తాళం వేశారు. తాళం ఒక్కసారికి పడలేదు. రెండోసారి పడింది.

నాలుగున్నరకు ఇంటికొచ్చాను. టీవీ నల్లగా ఉంది. నల్లటి తెర మధ్యలో సిగ్నల్ లేదని అక్షరాలు. వెరోనా రిమోటు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తోంది.

"గంట మోగడం చూశాను" అంది. "ఫాదర్ వాళ్లు లోపలికి రావడం చూశాను. తర్వాత పోయింది."

ప్రవేశ గీతం మధ్యలో పోయిందట. పైకి నొక్కితే వాతావరణం, ఇంకోసారి నొక్కితే వంటలు, ఇంకోసారి నొక్కితే మళ్లీ నల్ల తెర. ఆ మూడింటి చుట్టూ రెండున్నర గంటలు తిరిగింది. ఫోన్ చేద్దామంటే, తెలిసినవాళ్లంతా చర్చిలోనే ఉన్నారు. కంపెనీకి చేస్తే సంగీతం వినిపించి వినిపించి లైను కట్టయిందట.

కంపెనీవాళ్లు సరిగ్గా ఆ మధ్యాహ్నమే హెచ్‌డి నంబరు మార్చారు. మసకది చోటు మారలేదు. కింది వీధిలో, గాయక బృందంలో పాడే స్టెల్లా వాళ్లమ్మ దాన్లోనే పూజంతా చూసిందని తర్వాత తెలిసింది. నేను తీసెయ్యకుండా ఉంటే వెరోనా బొటనవేలు ఒక్కసారి కిందికి నొక్కితే చాలు, అదే వచ్చేది. ఆవిడకు ఈ సంగతి అప్పుడే చెప్పేశాను. దాచిపెట్టే ఓపిక కూడా లేదు.

"ఆకలేస్తోంది" అంది వెరోనా. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించినవి చర్చి ఆడవాళ్లు డబ్బాలో ఇచ్చారు. వేడి చేసి తినిపించాను. ఇద్దరం సగం తిని వదిలేశాం.

సోమవారం లోయ చానెల్‌కు ఫోన్ చేశాను. మళ్లీ వెయ్యరట. కాకపోతే పెట్టె ఉన్నవాళ్లు కోరుకుని తెప్పించుకునే జాబితాలో వారం రోజులు ఉంచుతారట. కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. అదే కౌంటరు, అదే అమ్మాయి. పెట్టెలు లేవు, రెండు వారాలు పడుతుందంది. నేను తిరిగి ఇచ్చిన పెట్టె అప్పటికి ఎవరింట్లో ఉందో. మెట్లు దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు కాళ్లు పీకాయి. దేవుడు నా మంచి ఉద్దేశాన్ని చూస్తాడా, నేను చేసిన పనిని చూస్తాడా అని అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తెలియలేదు. ఫాదర్ డుబెక్ అప్పటికే కొత్త చోటికి సామాను సర్దుకుంటున్నారు.

మంగళవారం భోజనాలయ్యాక టీవీని మళ్లీ మొదట్నుంచి వెతకమని పెట్టాను. కనీసం మసకదైనా తిరిగి రావాలి కదా. నలభై నిమిషాల తర్వాత తీసేసినవన్నీ వచ్చాయి. ఒక్కోటి చూసుకుంటూ పోతున్నాను. నూట పదిహేడు దాటాను. నూట పద్దెనిమిది చుక్క నాలుగులో తెర మీద మా చర్చి.

పూజే. ఆదివారంనాటి పూజ. హెచ్‌డిలో, ఫాదర్ నుదుటి మీద చెమట కూడా కనబడుతోంది. నేను వెరోనాను కేకేయలేదు, ఆవిడ పక్కనే ఉంది. చెయ్యి పట్టుకున్నాను. ఎవరో మా వీధిలోవాళ్లు దాన్ని తెప్పించుకుని చూస్తున్నారు, అది మా తీగలోకి చిక్కింది. ఫాదర్ వెళ్లొద్దన్న దారి అది. నేను ఆపలేదు.

వాక్యాలు చదివారు. బిషప్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన మాట్లాడుతుంటే కెమెరా గోడల మీదికి వెళ్లి రంగు అద్దాల కిటికీలన్నిటినీ వరసగా చూపించింది. పునీత బార్బరా కిటికీ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది.

అయిదు నిమిషాలు, పది నిమిషాలు. కదల్లేదు. గని కార్మికుల పునీతురాలు చేతిలో బురుజు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత బొమ్మ వెనక్కి పరుగెత్తింది, మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడుసార్లు ఇలా జరిగింది. నాలుగోసారి తెర నల్లబడిపోయింది. ఎవరో కట్టేశారు.

వెరోనా తెర వంక వేలు చూపించి, "కింద పేరు చదివావా?" అంది.

చదివాను. మసక చానెల్‌లో అయితే కనబడేది కాదు. కిటికీ అడుగున అద్దంలో కాల్చిన అక్షరాలు, సాబోల్ కుటుంబం ఇచ్చినదని.

క్లెమ్ సాబోల్ ఇల్లు మాకు ఎదురుగానే, సందు దాటితే. మేమిద్దరం ఒకే బడిలో, ఒకే గనిలో. తొమ్మిదేళ్ల క్రితం అతని భార్య రెజీనా చావుబతుకుల్లో ఉన్నప్పుడు అప్పటి ఫాదర్ చనిపోయేవాళ్లకు నూనె రాసే కడపటి అభ్యంగనానికి ఆలస్యంగా వచ్చారు. ఆవిడ అప్పటికే పోయింది. దినం అయిన మర్నాటి నుంచి క్లెమ్ చర్చి మెట్టు ఎక్కలేదు. మూసేస్తున్నారని చెప్పినప్పుడు, బౌలింగ్ ఆడే చోటు చేసుకుంటే ఊరికి ఉపయోగమన్నాడు.

బుధవారం మధ్యాహ్నం అదే వేళకు మళ్లీ మొదలైంది. ఈసారి నూట పద్దెనిమిది చుక్క రెండులో. కిటికీ దాకా వచ్చింది, ఆగింది, వెనక్కి వెళ్లింది, వచ్చింది, పోయింది. గురువారం కూడా అంతే. మేమిద్దరం ప్రవేశ గీతం మూడుసార్లు విన్నాం, ప్రసంగంలో సగం మూడుసార్లు విన్నాం. గాయకుల మేడ చూపించేది రొట్టె పంచే దివ్యసత్ప్రసాదం తర్వాతట, బెన్ చెప్పాడు. శనివారంతో ఆ జాబితాలోంచి తీసేస్తారు.

శుక్రవారం బొమ్మ కిటికీ దగ్గర ఆగగానే వెరోనా, "వెళ్లి చెప్పు" అంది.

"ఏమని చెప్పను? నువ్వేం చూస్తున్నావో మేం చూస్తున్నామనా?"

"అవును."

కోటు వేసుకున్నాను. సందు దాటడానికి ఇరవై అడుగులు లేవు. ఈ పని కంటే పాపసంకీర్తనం తేలికనిపించింది.

క్లెమ్ తలుపు తీసి, "ఏంట్రా, ఎవరు పోయారు?" అన్నాడు. ఈ మధ్య మా వయసువాళ్లు కబురు లేకుండా తలుపు తడితే అదే అడుగుతాం.

ఎవరూ పోలేదన్నాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. తీగ సంగతి, చుక్క నంబర్లు, నేను జాబితా తీసేసిన తెలివి, వెరోనా నల్ల తెర ముందు కూర్చోవడం, ఇప్పుడు అతని గదిలో ఆగి ఉన్న కిటికీ మా గదిలోనూ ఆగి ఉండటం. క్లెమ్ మొహం ముందు ఎర్రబడింది.

"అంటే నేను చూసేవన్నీ మీ ఇంట్లో చూస్తున్నారా?"

"అన్నీ కాదు. గుర్రాలవి కొన్ని."

"ఎన్నాళ్ల నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి. అది నువ్వని ఈ వారం దాకా తెలీదు. ఫాదర్ దగ్గర చెప్పుకున్నాను కూడా."

"నా సినిమాలు నువ్వు చూసి, పాపం నువ్వే ఒప్పుకున్నావా? నా బదులు కూడా ఒప్పుకోవాల్సింది." అతను నవ్వలేదు. కానీ తలుపుకు అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. "మధ్యలో లేచి వెళ్లడం కూడా తెలుస్తుందా?"

"తెలుస్తుంది. డాక్టరుకు చూపించుకోరాదూ."

లోపలికి రమ్మన్నాడు. టీవీలో పునీత బార్బరా నిలబడి ఉంది. మా ఇంట్లో ఉన్నట్టే, అదే నీలం, అదే ఎరుపు. క్లెమ్ తెర దగ్గరికి వెళ్లి కిటికీ కింది వరసను వేలితో చూపించాడు. రెజీనా ఎప్పుడూ కూర్చునే చోటు అది. అక్కడ మేమెవరం ఎరగని కుర్రజంట ఒకటి కూర్చుని ఉంది. మగవాడు ఫోను చూసుకుంటున్నాడు.

"తొమ్మిదేళ్లు నేను వెళ్లలేదు. నా చోటు ఎవడు తీసుకున్నా నాకేం" అన్నాడు. "దాని చోటులో వీడెవడ్రా?"

ఆరోజు చర్చి నిండిపోయింది క్లెమ్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారన్నాను. అది నిజమే. సరిపోయే జవాబు మాత్రం కాదు.

"ఇక్కణ్ణుంచి ముందుకు పోనివ్వలేకపోతున్నా" అన్నాడు. "పోనిస్తే చివర్న తలుపు వేసేస్తారు. తాళం వేసిన చప్పుడు కూడా వచ్చిందట కదా."

"వచ్చింది. నేను అక్కడే ఉన్నాను."

"వెరోనాకు ఏం కావాలి?"

కుర్చీ సంగతి చెప్పాను. అతను సోఫా చేతి మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. నేను బతిమాలలేదు. కోటు కూడా విప్పలేదు. వీధిలో ఎవరో మంచు గీకుతున్న చప్పుడు వినబడుతోంది.

"నువ్వు ఇంటికి పో" అన్నాడు చివరికి. "నువ్వు కూర్చున్నాక కిటికీ తెర ఒకసారి లాగు. నేను ఇది నొక్కేసి బయటికి పోతా. అది దాని మానాన అదే ఆడుతుంది. నేను చూడను."

"చలిగా ఉందిరా."

"గనిలో ఇంతకంటే చలి లేదా? పో."

ఇంటికొచ్చి వెరోనా తల కింద దిండు సర్ది, కిటికీ తెర లాగాను. ఒక నిమిషం తర్వాత పునీత బార్బరా కదిలిపోయింది. తర్వాత ఇంకో కిటికీ, ఇంకోటి. బిషప్ గారు ప్రసంగం ముగించారు. అద్దంలోంచి చూస్తే క్లెమ్ వాళ్ల వసారాలోకి వచ్చి, టోపీ చెవుల మీదికి లాక్కుని, ఇంటికి వీపు పెట్టి పాత కుర్చీలో కూర్చున్నాడు.

పూజ ఎక్కడా ఆగకుండా సాగింది. రొట్టె ఎత్తినప్పుడు నేను మోకాళ్ల మీదికి దిగాను. ఇది అయిదు రోజుల నాటి బొమ్మ అని, ఇంకొకరి ఇంటికి పోతూ మాకు దొరికిందని తెలుసు. మోకాళ్లకు మాత్రం తెలియలేదు. దివ్యసత్ప్రసాదం అయ్యాక కెమెరా మెల్లగా మేడ మీదికి ఎక్కింది. ఆగ్నెస్, స్టెల్లా, మిగతావాళ్లు, అందరూ నోళ్లు తెరిచి పాడుతున్నారు. ఆగ్నెస్‌కూ స్టెల్లాకూ మధ్య ఒక కుర్చీ. దాని మీద తెరిచిన పుస్తకం. ఎంతసేపు చూపించారు? నాలుగు లెక్కపెట్టేంత. వెరోనా ఎడమ చెయ్యి నా మణికట్టు మీద ఉంది.

"పెట్టారు" అంది.

తర్వాత ఆవిడ కూడా పాడింది. మాటలు రాలేదు, రాగం మాత్రం కింది స్వరంలో, తన పాత స్వరంలో వచ్చింది. నేను పుస్తకం మోసుకుంటూ నడవలో రావడం కనబడింది. నేను తల తిప్పిన వైపు కెమెరా లేదు. నా చెవి, నా మెడ వెనక భాగం కనబడ్డాయి. "జుట్టు కత్తిరించుకోవాల్సింది" అంది వెరోనా. బయట మెట్ల మీద జనం, బిషప్ గారు, తాళం. రెండోసారికి పడింది. ఆ చప్పుడుకు ఆవిడ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తెర నల్లగా ఉంది.

మేం అలాగే కూర్చున్నాం. ఏడవాలో, టీ పెట్టుకోవాలో తెలియలేదు. ఇద్దరం అలిసిపోయి ఉన్నాం, వారం రోజుల నుంచి కాదు, ఇంకా చాలా రోజుల నుంచి.

"ఎమిల్" అంది కాసేపటికి. "అతను ఇంకా బయటే ఉన్నాడా?"

అద్దంలోంచి చూశాను. క్లెమ్ అక్కడే ఉన్నాడు, వీపు అటు తిప్పుకునే. భుజాల మీద సన్నగా మంచు పడుతోంది. లోపల అయిపోయిందో లేదో అతనికి తెలియదు. తెలుసుకోవాలంటే తిరిగి చూడాలి, అతను చూడడు. అయిపోయిందని ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి.

కోటు ఇంకా విప్పలేదు కాబట్టి బొత్తాలు పెట్టుకుని బయల్దేరాను.